బావ కారు ఏసీకి గ్యాసు నింపిన పూట

అక్క చేసిన చాక్లెట్ ఇల్లు ఫ్రిజ్‌లో అరలన్నీ తీసేస్తేగాని పట్టలేదు. పెంకుల కప్పు, కిటికీలు, గుమ్మం ముందు మెట్లు, అన్నీ చాక్లెట్టే. ఊరవతల ఒక బిల్డరు కొత్త ఆఫీసు తెరుస్తున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి అది ఆయన బల్ల మీద ఉండాలి. ఉద్యోగం మానేసి వంటింట్లోనే మిఠాయిల పని మొదలుపెట్టాక అక్కకి వచ్చిన మొదటి పెద్ద ఆర్డరు ఇదే. ఆయనకి నచ్చితే ఇళ్ళ తాళాలు ఇచ్చే ప్రతిసారీ ఇలాంటిదొకటి చేయిస్తానన్నాడు. దారిలో కరిగిపోతే అక్క మళ్ళీ ఉద్యోగాల వేటలో పడాల్సిందే.

సరిగ్గా ఆ ఉదయమే కారు ఏసీ వేడిగాలి ఊదింది. మెకానిక్ సోమవారం తెమ్మన్నాడు. టాక్సీవాళ్ళు చాక్లెట్ అనగానే సీట్లు పాడవుతాయని తప్పుకున్నారు.

"గ్యాసు తగ్గుంటుంది. నేను నింపుతా," అన్నాడు బావ. "ఒక డబ్బా, ఒక గొట్టం. ఇంతోటి దానికి మెకానిక్కెందుకు?"

"మిక్సీ అప్పుడూ ఇలాగే అన్నారు," అంది అక్క. "దాని గిన్నెలో ఇప్పుడు మొక్క పెరుగుతోంది."

బావ వినిపించుకోకుండా వెళ్ళి డబ్బా కొనుక్కొచ్చాడు. కళ్ళూ చేతులూ జాగ్రత్త అని దాని మీద రాసి ఉంది. చేతులకి గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. కళ్ళకి హెల్మెట్ పెట్టి అద్దం దించుకున్నాడు. ఆపైన ఆయన మాటల్లో సగం మాకు వినిపించలేదు.

"దారినపోయేవాళ్ళు అడిగితే మనవాడని చెప్పకు," అన్నాడు నాన్న నా చెవిలో.

బానెట్ ఎత్తి, మూత మీద 'ఎల్' అని ఉన్న గొట్టం వెతికి, డబ్బా గొట్టాన్ని దానికి తగిలించాడు బావ. ఆ డబ్బా గొట్టానికొక ముల్లు ఉంది. నీలంలో ఉంటే గ్యాసు తక్కువ, పచ్చలో ఉంటే చాలు, ఎరుపులో ఉంటే ఎక్కువ. నాన్న డ్రైవరు సీట్లో కూర్చుని ఇంజను వేసి, ఏసీ పూర్తిగా పెట్టాడు. లోపల టక్కుమంది. ముల్లు నీలంలోకి దిగింది. బావ డబ్బా ఊపుతూ నొక్కడం మొదలుపెట్టాడు.

"మామయ్యగారూ, ఒకసారి వచ్చి చూడండి, ఎక్కుతోంది."

నాన్న దిగి వచ్చేసరికి ముల్లు ఎరుపులో ఉంది.

"చూశారా, అప్పుడే నిండిపోయింది," అంటూ బావ గొట్టం పీకేశాడు.

నాన్న మళ్ళీ వెళ్ళి కూర్చుని గాలికి చెయ్యి అడ్డం పెట్టాడు. "వేడిగానే ఉంది బాబూ."

రెండోసారీ అదే తంతు. ఈలోగా అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీసి చూస్తున్నానేమో, చాక్లెట్ ఇంటి పొగగొట్టానికి చెమట పడుతోంది," అంది. ఆ గొంతులో వేళాకోళం లేదు. బావ హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు.

నేను ఇందాకటి నుంచీ కారు పక్కనే నిలబడి ఉన్నాను. ముల్లు ఎందుకు లేస్తోందో నాకు అప్పుడు అర్థమైంది. మా ఇంట్లో మనిషి లేని గదిలో ఫ్యాను తిరగకూడదు. పక్కింటికి వెళ్ళినా లేచేటప్పుడు నాన్న చెయ్యి స్విచ్చు మీదికి దానంతటదే పోతుంది. కారు దిగే ముందు కూడా ఆయన వేలు ఏసీ మీట నొక్కేస్తోంది. ఏసీ ఆగగానే ముల్లు ఎరుపులోకి లేస్తోంది. తిరిగొచ్చి కూర్చోగానే వేలు మళ్ళీ నొక్కుతోంది. ఆ సంగతి ఆయనకే తెలియదు.

చెబితే పోయేది. కానీ అల్లుడి ముందు నాన్న మొహం ఎలా పెట్టుకుంటాడో ఊహించుకుని నోరు రాలేదు. మూడోసారి గొట్టం తగిలిస్తుండగా అటువైపు తలుపు తీసుకుని నాన్న పక్కన కూర్చున్నాను.

"నువ్వెందుకే ఇక్కడ?"

"ఎండగా ఉంది నాన్నా."

బావ పిలిచాడు. నాన్న వేలు మీట దాకా వెళ్ళి ఆగింది. "నువ్వుంటావా?"

"ఉంటాను."

వేలు వెనక్కి తీసుకుని దిగిపోయాడు. ముల్లు ఈసారి ఎగిరి ఎరుపులో పడలేదు. నీలంలోంచి నెమ్మదిగా జరుగుతూ పచ్చలోకి వచ్చి ఆగింది. నా మోకాళ్ళకి చల్లగా తగిలింది.

"ఏం చేశావ్ మరదలా?" కిటికీలోంచి తల పెట్టి అడిగాడు బావ.

"ఏం చెయ్యలేదు. కూర్చున్నా."

"ఆ కూర్చునేదేదో ముందే కూర్చోవచ్చుగా," అన్నాడు నాన్న.

వెనకసీటు మడిచి చాక్లెట్ ఇంటిని పెట్టాం. దాని పక్కన నేను ముడుచుకుని కూర్చున్నాను. దారంతా అక్క వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. చలికి నాన్న చెవులకి తువ్వాలు చుట్టుకున్నాడు.

బిల్డరు బల్ల మీది చాక్లెట్ ఇంటి చుట్టూ తిరిగి, వంగి కిటికీల్లోంచి లోపలికి చూశాడు. మెట్లని వేలితో తడిమి చూశాడు.

"వచ్చేనెల అపార్ట్‌మెంట్ల తాళాలిస్తున్నాం," అన్నాడు ఆయన. "అయిదంతస్తులు చేయగలరా?"

"చేస్తానండీ," అంది అక్క, ఆయన మాట పూర్తికాకముందే.

బయటికి వచ్చేసరికి బావ కారు తలుపు తీసి లోపలి ఎత్తు జానలతో కొలుస్తున్నాడు.

"ముందు సీటు విప్పేస్తే పట్టేస్తుంది," అన్నాడు.

"మీరింకేమీ విప్పకండి," అంది అక్క. అని, కారెక్కాక చాలాసేపు నవ్వుతూనే ఉంది.