ఎర్ర గోళ్ళరంగు చుక్క

నేను ఒక టేప్ రికార్డర్‌ని, పైగా కుళ్ళుబోతుని. మధ్యలో చాలా ఏళ్ళు గొంతు పోయింది కానీ కుళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరి మీదంటారా? వరసగా చెబుతాను, వినండి.

నన్ను ఎక్కడ ఎవరు బిగించారో నాకు గుర్తులేదు. గుర్తున్నంతలో నా మొదటి యజమాని కాకినాడ జగన్నాథపురంలో ఉండే పేర్రాజుగారు. ఆయనకి పద్యనాటకాలంటే ప్రాణం. నన్ను చంకన పెట్టుకుని పందిరి పందిరికీ తిరిగి పద్యాలు పట్టించేవారు. ఆయన పోయాక కూతురు వకుళ చేతికి వచ్చాను. వకుళ మహిళా కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. రోజూ నన్ను మెత్తటి గుడ్డతో తుడిచేది. సాయంత్రాలు నాన్నగారి టేపులు పెట్టుకుని పరీక్ష పేపర్లు దిద్దుకునేది. ఆ ఏడాదిన్నరా నా వైభోగమే వైభోగం.

ఎనభై ఆరులో, ఓడల్లో పనిచేసే వాళ్ళ అన్నయ్య సింగపూరు నుంచి ఒక నల్ల పెట్టె తెచ్చాడు. చిన్న పుస్తకమంత ఉంటుంది, పైన రబ్బరు మీటలు. టీవీకి తగిలిస్తే తెర మీద అక్షరాలు వస్తాయి. ఇంటి కంప్యూటరట! దాని ముందు కూర్చుంటే వకుళకి అన్నం మాట గుర్తుండేది కాదు. నన్నేమో ఒక్క వేలితో నొక్కేది, దాన్ని పది వేళ్ళతో నిమిరేది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అయితే దాని గుట్టు నాకు త్వరలోనే తెలిసిపోయింది. కరెంటు పోతే ఆ మహాతల్లికి ఏమీ గుర్తుండదు. మా ఊళ్ళో ఆ రోజుల్లో కరెంటు రోజుకి నాలుగుసార్లు పోయేది. పొద్దున్నుంచి వకుళ నేర్పిన చదువంతా ఒక్క క్షణంలో గల్లంతు. అందుకని ఒక తీగ తెచ్చి దాన్ని నాకు తగిలించింది. అది తనకి తెలిసినదంతా కూతలుగా మార్చి నా చెవిలో పోస్తుంది. సున్నాకి పొట్టి కూత, ఒకటికి పొడుగు కూత, అంతే దాని భాష. ఆ కూతలు నేను టేపుకెక్కిస్తాను. మర్నాడు నేను మళ్ళీ కూస్తే అది విని అన్నీ గుర్తుతెచ్చుకుంటుంది. అంటే దాని బుర్ర నా దగ్గరుందన్నమాట. ఇంటికొచ్చినవాళ్ళు మెచ్చుకున్నది ఎవర్నో తెలుసా? దాన్ని!

మొదట్లో ఒక చిక్కొచ్చింది. అన్నయ్య ఎవరి దగ్గరో కాపీ చేయించి తెచ్చిన ఆటల టేపు ఎన్నిసార్లు పెట్టినా ఆ పెట్టెకి ఎక్కలేదు. వకుళ ఊరుకునే రకం కాదు. టేపుకి ఆనుకుని వినే నా హెడ్డు పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. దాన్ని బుల్లి స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, చెవి ఒగ్గి విన్నది. మొద్దుగా ఉన్న కూత ఒకచోట పదునెక్కింది, ఆట తెర మీదకొచ్చింది. "హమ్మయ్య, దొరికేవే!" అని, స్క్రూ మళ్ళీ కదలకుండా దాని మీద తన ఎర్ర గోళ్ళరంగు చుక్క వేసింది. ఆ టేపు కాపీ చేసినవాడి మిషను హెడ్డే వంకరదని, దానికోసం నన్నూ వంకర చేసేసిందని ఆమెకి తట్టలేదు. అప్పట్నుంచి నాన్నగారి పద్యాలు జలుబు చేసినట్టు వినిపించేవి. ఆమె వాటిని వినడమే మానేసింది గనక అదీ తెలియలేదు.

ఆ తర్వాత పెద్ద పనే తలకెత్తుకుంది. ఆ పెట్టెకి ఇంగ్లీషు తప్ప రాదు కదా, దానికి తెలుగు నేర్పుతానని కూర్చుంది. గళ్ళ కాగితం మీద ఒక్కో అక్షరాన్నీ చుక్కలుగా పెట్టి, ఒత్తులూ గుణింతాలూ కలిపి మూడు వందల పైచిలుకు, ఎనిమిది నెలలు చేసింది. ఏదైనా కుదరగానే నా మైకు దగ్గరికి మూతి తెచ్చి "శ, ష, స. పదకొండోసారి. వకుళ" అని చెప్పి, దాని వెనకే కూతలు పట్టించేది. అక్షరాలు చూసి మురిసిపోయేది మాత్రం ఆ పెట్టె తెర మీద.

హైదరాబాదులో పెద్ద సభ, మీ అక్షరాలు తెచ్చి చూపించండని ఉత్తరం వచ్చింది. నల్ల పెట్టెని తన పట్టుచీరలో చుట్టుకుంది. నావైపు చూసి, "దీన్నెక్కడ మోస్తాను, అక్కడ మంచి టేపు డెక్కు ఉందంట" అని గూట్లో వదిలేసింది. నేను లేకుండా ఎలా నెగ్గుకొస్తారో చూద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, మీ దగ్గర దాపరికమెందుకు.

మూడో రోజు తిరిగొచ్చింది. వాళ్ళమ్మతో చెబుతుంటే విన్నాను. అక్కడి డెక్కు హెడ్డు తిన్ననిది, నా వంకర కూతలు దానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాలుగుసార్లు పెట్టారట. వేదిక మీది పెద్దాయన "ఖాళీ టేపు తెచ్చేవేంటమ్మా?" అన్నాడట, హాలు హాలంతా నవ్విందట.

"రైల్లో చెరిగిపోయుంటాదమ్మా. ఎనిమిది నెలలు ఏం చేసేనంటే ఏం చూపించను? ఇంక నన్నెవరు నమ్ముతారు?" అని భోరుమంది.

ఆ టేపు ఒక్కసారి నాలో పెట్టి మీట నొక్కి ఉంటే సరిపోయేది. అక్షరాలన్నీ భద్రంగా ఉన్నాయి. నొక్కలేదు. గళ్ళ కాగితాలు నీళ్ళ పొయ్యిలో వేసేసి, ఆ టేపుతో సహా మమ్మల్ని అట్టపెట్టెలో పెట్టి అటకెక్కించింది. అప్పటికైనా నా అక్కసు చల్లారాలా? ఆ పెట్టెకి పట్టుచీర అలాగే ఉంది, నాకేమో పాత న్యూస్‌పేపరు.

ముప్పై నాలుగేళ్ళు గడిచాయి. నా లోపలి రబ్బరు బెల్టు బెల్లప్పాకంలా కరిగి అంటుకుపోయింది. వకుళ రిటైరయింది. ఒక ఆదివారం ఉదయం ఆమె పాత శిష్యురాలు హైమ వచ్చి మమ్మల్ని అటక దింపించింది. హైమ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, పాత కంప్యూటర్లు పోగుచేస్తోంది. వెంట తళతళలాడే డెక్కు ఒకటి తెచ్చింది. దాన్ని చూడగానే నా కుళ్ళుకి మళ్ళీ ప్రాణమొచ్చింది.

"అందులో ఏం లేదే హైమా. ఖాళీ టేపు. హైదరాబాదంతా చూసింది."

"ఒక్కసారి చూద్దావండి మేడంగారూ, పోయిందేముంది?"

హైమ నల్ల పెట్టెని పట్టుచీరలోంచి తీసి టీవీకీ డెక్కుకీ తగిలించి, ఆ టేపు పెట్టింది. డెక్కు తిరిగింది. తెర మీద గీతలు తప్ప ఏమీ రాలేదు. "చెప్పేను కదే" అని వకుళ మొహం తిప్పుకుంది. డెక్కు ఓడిపోయిందని నాకు సిగ్గులేని సంతోషం. అంతలో వకుళ ఉలిక్కిపడింది.

"ఆగు, వెనక్కి తిప్పు. అది నా గొంతే. కానీ ఇంత ముద్దగా ఉండదే. నేను 'స' అంటే ఈల వేసినట్టుంటాదని మీరంతా ఏడిపించేవారు కదా?"

హైమ నవ్వలేదు. గబగబా నన్ను దగ్గరికి లాక్కుని, ఫోను లైటు వేసి లోపలికి చూసింది. "మేడంగారూ, ఇక్కడ ఎర్రచుక్క ఉంది. హెడ్డు మీరేమైనా కదిపేరా?"

వకుళ నావైపు చూసింది. అలా చూసి ఎన్నాళ్ళయిందో! మెల్లగా కుర్చీలో కూలబడింది. "నేనేనే. నేనే తిప్పేను. అమ్మో, ఎంత పని చేసేను!"

అప్పుడు హైమ ఏం చేసిందో తెలుసా? ఆ డెక్కు స్క్రూ పట్టుకుని, వకుళ గొంతు వింటూ, దాన్నీ నాలాగే వంకర చేసింది. వెంట్రుకవాసి, ఇంకో వెంట్రుకవాసి. "శ, ష, స" అని ఇరవై తొమ్మిదేళ్ళ వకుళ ఈల వేసింది. వెనకే కూతలు పదునుగా వచ్చాయి. తెర మీద అక్షరాలు వరసకట్టాయి.

"ఉన్నాయే. అన్నీ ఉన్నాయే" అంటూ వకుళ తెర మీద వేళ్ళు పెట్టి చంటిపిల్లలా ఏడ్చింది. నా వంకరతో ఆ డెక్కు కూస్తుంటే నాకు కడుపు రగిలిపోయింది. ఆ కూత నాది, ఆ పేరు నాకు రావాలి. అయినా ఆమె ఏడుపు విని కాసేపు అదీ మర్చిపోయాను.

హైమ అన్నీ తన ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంది, డెక్కు స్క్రూ మళ్ళీ తిన్నగా పెట్టేసింది. నల్ల పెట్టె హైమ వాళ్ళ కాలేజీ అద్దాల బీరువాలోకి వెళ్తుందట.

"దీన్ని కూడా ఇవ్వండి మేడంగారూ. కొత్త బెల్టేసి, హెడ్డు సరిచేసి పెట్టుకుంటాను."

వకుళ నన్ను ఒళ్ళోకి తీసుకుని కొంగుతో దుమ్ము తుడిచింది. "బెల్టు ఇక్కడే వేసి వెళ్ళు. హెడ్డు మాత్రం ముట్టుకోకు. ఆ రోజు దీన్ని ఇలా ఒళ్ళో పెట్టుకుని రైలెక్కవలసింది."

తర్వాత లేచి, ఇన్నేళ్ళూ నల్ల పెట్టెకి చుట్టి ఉన్న పట్టుచీర తీసి దులిపింది. పెట్టెని నా పాత న్యూస్‌పేపర్లో చుట్టి హైమ చేతికిచ్చింది. చీర నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పరిచి, దాని మీద నన్ను పెట్టింది.