పరీక్షకు పెట్టని క్లిప్పు

ఆవిడను వెనకాల అందరూ అత్తగారు అనేవారు. పేరుకు తగ్గ పనే ఆవిడది. దూరపు గ్రహానికి వెళ్లే నౌకలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం ఉంటుంది. నౌకలోని ఇనుము దాన్ని తప్పుదారి పట్టించకుండా ఆరు మీటర్ల పొడవాటి చేయి చివర బిగిస్తారు. ఆ చేయి దగ్గరికి చేరే ప్రతి మరనూ పరీక్ష గదిలో పెట్టి, అయస్కాంత గుణం లేదని తేలాకే ఆవిడ పచ్చ చీటీ అంటిస్తుంది. జేబులో ఉక్కు క్లిప్పున్న పెన్నుతో వచ్చాడని డైరెక్టరంతటివాణ్ణి గుమ్మంలోంచే వెనక్కి పంపింది. తాళంచెవులతో లోపలికొచ్చిన ఫిట్టర్నయితే పదిమందిలో కడిగిపారేసింది. అప్పటినుంచి అతను తాళాలాయనగా మిగిలిపోయాడు.

నౌక గ్రహాన్ని చేరింది. పరికరం తొమ్మిది నానోటెస్లాలు చూపించింది. చిన్న అంకే అయినా, గ్రహానికి సొంత అయస్కాంతం ఉందని అందరూ ఎగిరి గంతేశారు. ఎందుకైనా మంచిదని నౌకను తలకిందులు చేసి మళ్లీ కొలిచారు. పరికరమూ నౌకతోపాటే తిరగబడింది కాబట్టి, అయస్కాంతం గ్రహానిదైతే ఈసారి మైనస్ తొమ్మిది రావాలి. అంకె ఇసుమంత కూడా మారలేదు. అంటే ఆ అయస్కాంతం నౌకలోనే ఉందన్నమాట.

మర్నాడే విచారణ పెట్టారు. చేయి మీద ఆఖరున పని చేసింది తాళాలాయనే.

"ఇంకెవరు, ఈ తాళాల మనిషే అయ్యుంటాడు! తర్వాతి నౌకకి ఇతను వద్దు," అన్నాడు డైరెక్టరు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అత్తగారు కుర్చీలో సర్దుకుంది. నౌక బయల్దేరే ముందు ఆఖరి రోజు, చేయి మీది తీగను పట్టి ఉంచే క్లిప్పొకటి విరిగింది. పరీక్ష గదిలో వేరే సామాను ఉంది, గంట ఆగాలి. కొత్త క్లిప్పు గోరంత లేదు, చూడ్డానికి ఇత్తడిదే. చీటీ అంటించేసి, "పరీక్షయింది, బిగించెయ్యి" అని తాళాలాయన చేతిలో పెట్టింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆడిన అబద్ధం అదొక్కటే. నిన్న సాయంత్రం అదే పొట్లంలో మిగిలిన క్లిప్పులకు అయస్కాంతం చూపిస్తే లటుక్కున అంటుకున్నాయి. పైన ఇత్తడి పూత, లోపల ఉక్కు.

చెప్పేద్దామని నోరు తెరిచింది. సిగ్గుతో చచ్చిపోతోంది, అయినా మాట పెగలదే!

"ఆ రోజు మార్చిన క్లిప్పు సంగతేంటి?" అని డైరెక్టరు తాళాలాయన్ని అడిగాడు.

"దాని మీద అనుమానమే వద్దు సార్. మేడమ్ స్వయంగా పరీక్ష చేసిచ్చారు. ఆవిడ చేశారంటే ఇంక మాటేముంది? నా పనిముట్లలోనే ఏదో తేడా ఉండుంటుంది. తప్పు నాదేనని రాసేసుకోండి."

అత్తగారికి తల కొట్టేసినట్టయింది. లేచి నిలబడింది.

"పరీక్ష చెయ్యలేదు. చెయ్యకుండానే చీటీ అంటించాను. ఇతనికి అబద్ధం చెప్పాను."

కంచే చేను మేశాక ఎవరు మాత్రం ఏమంటారు? అందరూ బల్ల మీది కాగితాల్లోకి తలలు దించేశారు. తాళాలాయన ఒక్కడే ఆవిడ వైపు చూశాడు. కోప్పడినా బాగుండుననుకుంది ఆవిడ.

"గంట ఆగమంటే ఆగేవాణ్ణి కదా మేడమ్," అన్నాడతను. "మీరు చెప్పాలే గానీ, తెల్లారేదాకా అయినా కూర్చునేవాణ్ణి."