ఇద్దరు టీచరమ్మలు

మా ఆవిడని వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. టీచరమ్మ అనేవారు. కూరల కొట్లోనూ అంతే, డయాలసిస్ చేసే ఆస్పత్రిలోనూ అంతే. వారానికి మూడుసార్లు ఆమెను అక్కడికి తీసుకెళ్ళే వ్యాన్ బాబాయికీ అంతే. అతని వ్యాన్ వెనక తలుపు తీస్తే ఒక రేకు పలక నేలమీదికి జారుతుంది. చక్రాల కుర్చీని దానిమీదుగా లోపలికి తోసెయ్యడమే. మనిషిని ఎత్తనక్కర్లేదు. ఎవరిచేతా మోయించుకోకుండా గడప దాటడం ఆమెకు ఎంత ఊరటో పక్కనుండి చూసినవాడిని.

మొదట్లో ఫోన్ చేస్తే వచ్చేవాడు. అలా ఫోన్ మాట్లాడుతూ ఒకసారి స్తంభాన్ని గుద్దబోయాడట. దాంతో అతని కోడలు గట్టిగా పట్టుబట్టి, ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే ఏర్పాటు పెట్టింది. పాత నంబరుకి చేస్తే ఇప్పుడు ఆ అమ్మాయి రికార్డు చేసిన గొంతే వినిపిస్తుంది. మంచి పనే అనుకున్నాం.

మొదటిసారి బుక్ చేస్తుంటే మా ఆవిడ ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది.

"పేరు అడుగుతోంది. ఏం రాయమంటారు?"

"నీ పేరే రాయి."

"అది రాస్తే నేనెవరో అతనికేం తెలుస్తుంది? ఎవరో కొత్త బేరం అనుకుంటాడు." ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'టీచరమ్మ' అని కొట్టింది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ మీరే పిలవలేదు ఆ పేరుతో. ఇప్పుడు మిషన్ పిలవాలా?"

కొన్నాళ్ళు ఏ ఇబ్బందీ లేకుండా సాగింది.

ఆదివారం ఆస్పత్రిలో డయాలసిస్ విభాగానికి సెలవు. సోమవారం వచ్చేసరికి ఆమె పాదాలు వాచి చెప్పుల్లో పట్టేవి కావు, నాలుగు మాటలకే ఆయాసం వచ్చేది. ఏ రోజు తప్పినా సోమవారం తప్పొద్దని డాక్టరు హెచ్చరిస్తూనే ఉండేవాడు.

ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ టింగుమంది. "రేపు వ్యాన్ ఉందని గుర్తుచేస్తోంది, ప్రతిసారీ ఇదే గోల," అని తెరవకుండానే పక్కన పడేసింది. అంతకుముందు వచ్చినవన్నీ అలాంటివే మరి.

పొద్దున్న గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాను. శాలువా కప్పాను. కాసేపటికి వీధి మలుపులో వ్యాన్ కనిపించింది. మా సందులోకి తిరగకుండా నేరుగా వెళ్ళిపోతోంది. లోపల ఎవరో ఉన్నారు. మా ఆవిడ చెయ్యెత్తింది. వ్యాన్ బాబాయి కిటికీలోంచి నవ్వుతూ తనూ చెయ్యూపాడు.

"చూశాడు. వాళ్ళని దింపేసి వస్తాడు," అంది.

"ఒకసారి ఫోన్ చేసి చూస్తా."

"డ్రైవింగ్‌లో ఉన్నాడుగా, కంగారుపెట్టకండి. చూశాడన్నానుగా."

ఎదురుచూశాం. ఎండ గేటు మీదనుంచి ఆమె ఒళ్ళోకి వచ్చింది. ఉండబట్టలేక ఫోన్ చేస్తే ఆ రికార్డు గొంతు. చివరికి టాక్సీ పిలిచాను. ఎదురింటి కుట్టుమిషన్ అతను, డ్రైవరు కలిసి ఆమెను ఎత్తారు. డ్రైవరు తన స్వెట్టర్ విప్పి మడిచి ఆమె నడుము వెనక పెట్టాడు. "నీకు చలేస్తుందయ్యా," అంటే, "నాకు ఇంజను వేడి చాల్లెండమ్మా," అన్నాడు.

మేం వెళ్ళేసరికి ఆమె మంచం వేరేవాళ్ళకి ఇచ్చేశారు. నర్సు ప్రతి మిషన్ దగ్గరికీ వెళ్ళి అడిగి వచ్చింది. "రేపు తెరవగానే మొట్టమొదట మీరే టీచరమ్మగారూ. ఈ పూట నీళ్ళు మాత్రం ముట్టుకోకండి," అంటూ ఆమె చెయ్యి నిమిరింది.

ఇంటికి తెచ్చాను. తడి దూదితో పెదవులు అద్దుతూ కూర్చున్నాను. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. కునుకు పట్టిందేమో, ఎప్పుడు వదిలిందో నాకు తెలియలేదు. తెల్లవారేసరికి లేదు.

అంత్యక్రియలు అయ్యాక వ్యాన్ బాబాయి, కోడలు వచ్చారు. అతను కుర్చీలో కూర్చోలేదు, గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"తప్పంతా నాది సార్. ఆ రోజు జాబితాలో మీ ఇల్లు లేదు, ఆవిడ చెయ్యెత్తితే పలకరిస్తున్నారనుకున్నా. బండి ఆపాల్సింది."

"మీరు ఆగండి మామయ్యా," అంది ఆ అమ్మాయి. నా వైపు తిరిగింది. "మీ బుకింగ్ తీసేసింది నేనే సార్. సోమవారానికి టీచరమ్మ, టీచరమ్మ అని రెండు బుకింగులు, ఒకదాని వెంట ఒకటి. ఎవరో పొరపాటున రెండుసార్లు నొక్కారనుకున్నా. నంబర్లు కూడా చూళ్ళేదు. తీసేసినట్టు ఆదివారం సాయంత్రం మీకు మెసేజ్ వెళ్ళింది."

"ఆ రెండో ఆవిడ?"

"కాళ్ళకి వ్యాయామం చేయించుకోడానికి వెళ్తారు," అన్నాడు వ్యాన్ బాబాయి. "ఎప్పుడూ మంగళవారం. ఆ వారం సోమవారానికి మార్చుకున్నారు. ఆవిడా టీచరే సార్. ఫోన్లో అయితే గొంతు పట్టి పోల్చుకునేవాణ్ణి."

"నా వల్లేనా?" అని అడిగింది ఆ అమ్మాయి.

కాదని అనబోయి ఆగాను. "ఆ రోజు డయాలసిస్ జరిగుంటే బతికేదేమో. ఏమో తల్లీ. డాక్టర్ని అడిగాను, ఆయన చెప్పలేకపోయాడు. నువ్వు కావాలని చెయ్యలేదు. అది మాత్రం నాకు తెలుసు."

ఆమె ఏడవలేదు. చున్నీ కొస వేలికి గట్టిగా చుట్టుకుంది, వేలు తెల్లబడేదాకా. "ఇవాళే మూసేస్తాను ఆ బుకింగంతా."

"మూసేస్తే మిగతావాళ్ళు ఎలా వెళ్తారమ్మా? ఆ రెండో టీచరమ్మకి రేపు వ్యాన్ ఉందా?"

"ఉంది."

"అయితే ముందు ఆవిడకి ఫోన్ చెయ్యి."

ఆమె మెట్లమీదికి వెళ్ళింది. వ్యాన్ బాబాయి తల వంచుకుని నిలబడ్డాడు. బయటినుంచి ఆ అమ్మాయి గొంతు వినిపిస్తోంది.

"నమస్తే అండీ, వ్యాన్ దగ్గర్నుంచి మాట్లాడుతున్నా. మీ పేరు ఒకసారి చెప్తారా, రాసుకోవాలి."

అవతల ఆవిడ ఏదో అంది.

"అది కాదండీ," అంది అమ్మాయి. మళ్ళీ అడిగింది. "మీ అసలు పేరు."