ఈశ్వరప్ప గేటు తాళం

అనంతపురంలో ఈశ్వరప్ప వఠారం గేటుకు వేసే తాళం కొబ్బరికాయంత ఉండేది. దాని చెవి మొలతాడుకు కట్టుకొని తిరిగినందువల్లే ఆయన నడుము ఎడమవైపుకు వంగిపోయిందని నేను చెబితే, వఠారంలో ఒక్కరూ కాదనలేదు. అయిదు పోర్షన్లు, అయిదు సంసారాలు. చెవి మాత్రం ఒక్కటే.

"అందరికీ ఒగొగటి చేయించి ఇయ్యి అప్పా" అని ఒకసారి అడిగాను.

"ఇస్తే? మీ సుట్టాలు, వాళ్ల సుట్టాలు బిందెలెత్తుకొని దిగుతారు. నా బోరు ఎండిపోతే నువ్వు ఏడుస్తావా?" అన్నాడు.

ఆ బోరు ఇచ్చేది రోజుకు పన్నెండు బిందెలు. దానికి ఆయన కాపలా ఎంతంటే, గాలి లోపలికి వచ్చినా దాని చేతిలో బిందె ఉందేమోనని చూసేవాడు. ఊరికి పోతే గేటు మూసే పోయేవాడు. లోపలున్నవాళ్లు లోపలే, బయటున్నవాళ్లు బయటే. ప్రహరీ మీద నాటించిన గాజుపెంకుల దెబ్బకు కాకులు సైతం మా గోడ మీద వాలడం మానుకున్నాయి.

మూడో పోర్షన్‌లో వనజాక్షి ఉండేది. టీచరు ఉద్యోగానికి డీఎస్సీ రెండుసార్లు రాసి, రెండుసార్లూ ఒకటీ అరా మార్కుల్లో పోగొట్టుకుంది. ఇది మూడోసారి. ఇది తప్పితే వయసు దాటిపోతుంది, ఇక రాయనివ్వరు.

పరీక్ష ఆదివారం పదింటికి. ఎనిమిదిన్నరకే హాల్‌టికెట్టు పట్టుకొని వచ్చి చూస్తే గేటుకు తాళం! ఈశ్వరప్ప తొలి బస్సుకే మడకశిరలో పెండ్లికి పోయాడు.

వనజాక్షి గేటు పట్టుకొని ఊపింది. "ఆయప్పకు నిన్ననే చెప్పింటి కదా తాతా, పరీక్ష ఉండాదని! సరేలేమ్మా అనె!"

"అనింది నోరు. తాళమేసింది చెయ్యి. ఆయప్ప చేతికి ఎవరూ చెప్పలేదు కదమ్మా" అన్నాను.

ఎదురింటి పాపన్న బండరాయి తెచ్చి బయటినుంచి తాళాన్ని బాదాడు. రాయి రెండు ముక్కలైంది. తాళం మీద గీత కూడా పడలేదు. తొమ్మిదైంది. వనజాక్షి గాజుపెంకుల గోడ వైపు చూసి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది.

అప్పుడు అయిదో పోర్షన్ నల్లమ్మ వచ్చింది. ఇళ్లు కట్టే చోట సిమెంటు తట్టలు మోసే మనిషి. ఆమె తాళం దిక్కు చూడనే లేదు. గేటు అవతలి కొసన, గోడ దగ్గర నిలబడింది.

"తాళం ఆపక్క ఉంటే ఈపక్క ఏముండాది? రెండు ముళ్లు, రెండు కడియాలు. ఎత్తితే ఊడొస్తాది. రాండప్పా, పట్టండి!"

నలుగురం పట్టి ఎత్తాం. గోడలో పాతిన ఇనుప ముళ్ల మీదినుంచి కడియాలు జారి, రెక్క ఊడి, తాళం గొలుసును పట్టుకొని వేలాడింది. వనజాక్షి ఆ సందులోంచి దూరి పాపన్న సైకిలు వెనక ఎక్కింది. మేము రెక్కను మళ్లీ తగిలించి ఎవరి గుమ్మంలో వాళ్లం కూర్చున్నాం.

మధ్యాహ్నం రెండింటికి ఈశ్వరప్ప పెండ్లిభోజనం తేన్పులతో దిగాడు. ఆయన తాళం తీస్తుండగా వనజాక్షి వచ్చి వెనక నిలబడింది.

"బిన్నా తియ్యి పెద్దప్పా, కాళ్లు పీకుతాండాయి."

ఆయన తాళాన్ని చూశాడు, ఆమెను చూశాడు. "నువ్వు బయటికెట్లొస్తివి? నేను తాళమేసి పోతిని కదా!"

"పరీక్ష రాసొచ్చినా."

"అది కాదమ్మే, ఎట్ల?"

నేనే చెప్పాల్సి వచ్చింది. "ఆర్నెల్లు చదివి చదివి ఆ పిల్ల కాగితమైపోయింది కదప్పా. పక్కకు తిరిగి కమ్మీల సందులోంచి జారిపోయింది. జడ ఒకటే కొంచెం తట్టుకునింది."

నల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఈశ్వరప్ప కమ్మీల సందును బెత్తెలతో కొలిచాడు. మర్నాడే వెల్డింగు మనిషిని పిలిపించి కమ్మీకీ కమ్మీకీ నడుమ ఇంకో కమ్మీ వేయించాడు. గోడ పక్కకు ఆయన చూపు పోనేలేదు. గేటు బరువెక్కడం వల్ల, ఆ తరువాత అవసరం పడినప్పుడల్లా మాకు ఆరుగురు కావలసి వచ్చారు.

నాలుగు నెలలకు ఫలితాలు వచ్చాయి. వనజాక్షికి పామిడి దగ్గర బడిలో ఉద్యోగం. సామాను ఎత్తే రోజున ఈశ్వరప్ప గేటు బార్లా తెరిచి, దారిన పోయేవాళ్లను ఆపి మరీ చెప్పాడు.

"తిరుగుడు లేదు, బలాదూరు లేదు. తాళమేసి సదివించినా నేను! అందుకే కొట్టింది ఉద్యోగం."

వనజాక్షి నవ్వు ఆపుకుంటూ పుస్తకాల మూట బండిలోకి ఎత్తింది. నల్లమ్మ మాత్రం ఊరుకోలేదు.

"అట్లయితే నన్నూ ఒగ దినం లోపలేసి పో అప్పా. కలెక్టరునై వస్తా!"