పదమూడు అక్షరాల కిటికీ

...పదమూడే, వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టినా పదమూడే, అన్‌ఈక్వివోకల్లీ, క్యూ ఉంది, వీ ఉంది, ఇక నోరు తెరిచి చెప్పడమే తరువాయి. కానీ నోరు తెరిస్తే ముందుగా బయటికి వచ్చేది మాటేనా అని బాలరాజ్‌కి అనుమానం. పొద్దున తిన్న ఉప్మా గొంతు దాకా వచ్చి అక్కడ మకాం వేసింది.

మందుల ఫ్యాక్టరీ బస్సు రుద్రారం దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయింది. రోజూ ఆగుతుంది. ఆగగానే పందెం మొదలవుతుంది. ముందున్న లారీ నంబరు మధ్యలో ఏ రెండు అక్షరాలుంటే ఆ రెండూ ఉన్న ఇంగ్లీషు మాట చెప్పాలి. ఇవాళ క్యూ, వీ. అందరికంటే పొడుగాటి మాట చెప్పినవాళ్లకు మర్నాటి పందెం దాకా మూడో వరుసలో కిటికీ సీటు. బస్సు మొత్తంలో తెరుచుకునే కిటికీ అదొక్కటే. తక్కినవన్నీ తుప్పుపట్టి బిగుసుకుపోయాయి.

ఆ కాస్త గాలి కోసం స్టోర్స్‌లో పనిచేసే బాలరాజ్ రెండు నెలలుగా డిక్షనరీ బట్టీ పడుతున్నాడు. బస్సు పడదని చెబితే ఎవరైనా లేచి సీటిచ్చేవారే. కానీ చేరిన మొదటిరోజే, "మా నాయిన లారీ డ్రైవరు. నేను స్టీరింగ్ పక్కన్నే పెరిగిన," అని గొప్పలు పోయాడు. ఆ ఒక్క మాట కాపాడుకోవడానికి ఇన్ని మాటలు నేర్వవలసి వచ్చింది. చిన్నప్పుడు ఆ లారీలోనూ కక్కుకునేవాడు. నాయిన ఏమీ అనకుండా తువ్వాలు అందించేవాడు. సిగ్గుపడింది నాయిన కాదు.

"ఈక్వివలెంట్! పది!" అంది ల్యాబులో పనిచేసే లక్ష్మీప్రసన్న. నిన్నటి పందెం గెలిచి కిటికీ పక్కన దర్జాగా కూర్చుంది.

"పది. ఇంకెవరైనా?" అన్నాడు సూపర్‌వైజర్ నరసింహమూర్తి. పందేనికి అంపైర్ ఆయనే. "ఏవయ్యా బాలరాజూ, పెదాలు కదుపుతున్నావు? మాటా, మంత్రమా?"

మాటేనన్నట్టు బాలరాజ్ తల ఊపాడు.

"అన్న దగ్గర పెద్ద మాటే ఉన్నది సార్," అంది వెనక సీట్లోంచి ప్యాకింగ్ వనజ. "జల్దీ చెప్పన్నా, ట్రాఫిక్ కదుల్తది. గుడ్డు పెట్టే కోడి లెక్క గట్ల కూసున్నవేంది?"

బస్సంతా నవ్వింది. అంతలో డ్రైవర్ క్లచ్ వదిలి, రెండడుగులు ఉరికించి, మళ్లీ బ్రేకు తొక్కాడు. ఉప్మా ఒక మెట్టు పైకెక్కింది.

"మూడు అంకెలు లెక్కపెడతాను," అన్నాడు నరసింహమూర్తి. "ఒకటి..."

బాలరాజ్‌కి తన మాట అర్థం గుర్తొచ్చింది. తడబాటు లేకుండా, తేటతెల్లంగా, అని. రెండు నెలల చదువు, పదమూడు అక్షరాలు, ఇవన్నీ తను చెప్పవలసిన దానికి చుట్టుదారేనని ఇప్పుడు తెలుస్తోంది. తెలిసి మాత్రం ఏం లాభం, నోరే తెరవకూడదు.

"రెండు..."

లారీ డ్రైవర్ కొడుకు లేచి నిలబడ్డాడు. ఎడమచేత్తో నోరు గట్టిగా మూసుకుని, కుడిచేతి వేలితో ముందు తన కడుపును, తరువాత లక్ష్మీప్రసన్న పక్కనున్న కిటికీని చూపించాడు.