హాజరుపట్టీలో నిర్మల

కళ్లం మీద కాఫీ గింజలు తిరగేయడం అప్పటికి మూడోసారి. మంచు ఇంకా విడలేదు. చిట్టెమ్మ చెక్కపారను రెండు చేతులా పట్టుకుని, నడుము కాస్త వంచి, గింజల్ని సన్నటి చాళ్లుగా లాగుతూ వెనక్కి నడుస్తోంది. అరికాళ్ల పగుళ్లలో సిమెంటు పొడి పేరుకుంది. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి జారింది. పద్నాలుగేళ్లుగా ఒకే వైపు లాగిన భుజం అది.

దీపావళికని వెళ్లిన మేనేజరు తిరిగి రాలేదు. రైతులు తెచ్చిపోసిన పళ్లు తొట్లలో కుళ్లిపోతాయని కూలీలే తొక్క తీసి, కడిగి, ఎండబెడుతున్నారు. ఈ కళ్లం నడిపే కంపెనీ పుట్టింది ఏదో దూరదేశంలో. దాని పేరు ఇక్కడెవరికీ నోరు తిరగదు.

పదకొండు గంటలకు జీపు వచ్చింది. దిగినాయన పేరు లక్ష్మీప్రసాద్, విశాఖపట్నం నుంచి కోర్టు తరఫున వచ్చాడు. వెంట ఒక కానిస్టేబులు. కూలీలందరినీ షెడ్డు ముందు కూర్చోబెట్టారు.

"మీ కంపెనీ వాళ్ల దేశంలో దివాలా తీసి మూతపడింది," అన్నాడు లక్ష్మీప్రసాద్. "పరాయి కంపెనీ అయినా మన నేల మీద వ్యాపారం చేసింది కాబట్టి, ఇక్కడున్న ఆస్తి స్వాధీనం చేసుకుని మూసేసే అధికారం మన కోర్టుకుంది. ఇదే ఉత్తర్వు. ఇవాళ గేటుకు సీలు వేస్తాం. ఆస్తి అమ్మాక మీ జీతం బకాయిలు ముందు వరసలో ఉంటాయి. ఒక్కొక్కరే వచ్చి ఫారం నింపండి."

ముందు వరస అన్న మాట చిట్టెమ్మకు బాగా వినబడింది. ఇంట్లో ఆమె భర్త ధర్మ మంచం మీదున్నాడు. రెండేళ్ల కిందట మిరియాలు కోయడానికి చెట్టెక్కి పడ్డాడు. ఎవరో ఒకరు లేపితే తప్ప కూర్చోలేడు. ఈ పని పోతే ఇక మిగిలింది గుంటూరు వైపు మిరపకోతలే. మూడు నెలలు. కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రీ వ్యాను ఆ సాయంత్రమే బయలుదేరుతుందని పక్కన కూర్చున్న భాను పొద్దుటినుంచి చెబుతూనే ఉంది.

"కొర్రా నిర్మల," హాజరుపట్టీ చూసి పిలిచాడు లక్ష్మీప్రసాద్.

చిట్టెమ్మ లేచి ఆధార్ కార్డు ఇచ్చింది. అతను కార్డునీ హాజరుపట్టీనీ రెండుసార్లు చూశాడు.

"ఇందులో చిట్టెమ్మ అని ఉందే?"

"నాను సిట్టెమ్మనే బాబూ. నిర్మల మా అప్ప. ఆమె జొరమొచ్చి సచ్చిపోతే ఆ పనిలోకి నానొచ్చినాను. పేరు మార్సాలంటే పైదేశానికి రాయాల, అదే పేరున సేసీ అన్నాడు మేనేజరు."

మొదట్లో నిర్మలా అని పిలిస్తే చిట్టెమ్మ వెనక్కి తిరిగి చూసేది, అక్క వచ్చిందేమోనని. తర్వాత అలవాటైపోయింది. భాను లాంటి కొత్తవాళ్లకు ఆమె నిర్మలప్పే. చిట్టీ అని పిలిచేది ధర్మ ఒక్కడు.

లక్ష్మీప్రసాద్ కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "చూడమ్మా. నిర్మల బతికుందని రాస్తే అబద్ధం. చనిపోయిందని రాస్తే, చనిపోయిన మనిషి పద్నాలుగేళ్లు ఎలా పనిచేసిందని అడుగుతారు. చిట్టెమ్మ పేరు ఏ కాగితంలోనూ లేదు."

"ఈళ్లందరికీ తెలుసు బాబూ, అడగండి."

"నాకూ తెలుస్తోంది. కాగితం లేకపోతే కోర్టులో కొట్టేస్తారు. లాయరుని పెట్టుకుని కోర్టుకి అర్జీ పెట్టుకో."

"మా అప్ప రెండు సీజన్లే సేసినాది," అంది చిట్టెమ్మ. "ఆమెకి గింజ సూడ్డం రాదు. ఎండిందో నేదో పంటికింద కొరికి నాను సెప్తాను. ఈ కళ్లం మీద ఏ మూలకి ఎండ ముందొస్తాదో సెప్తాను. రాసుకోండి బాబూ."

అతను రాసుకోలేదు. తల దించుకుని తర్వాతి పేరు పిలిచాడు.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. తొలి చినుకు పడగానే చిట్టెమ్మ పరుగెత్తి టార్పాలిన్ అంచు పట్టుకుంది.

"ముట్టుకోకు," అన్నాడు కానిస్టేబులు. "లోపలున్నదంతా కోర్టుదంట."

"తడిస్తే బూజట్టిపోద్ది బాబూ."

"సామాన్ల జాబితా అయ్యేదాకా ముట్టుకోకూడదు."

ఆమె అంచు వదిలేసింది. అందరినీ బయటికి పంపి గేటుకు తాళం వేశారు. తాళానికి గుడ్డ చుట్టి లక్క కరిగించి పోశారు.

ఇల్లు చేరేసరికి చీర తడిసిపోయింది. గేటుకు సీలు వేశారని, మిరపకోతలకు వెళ్తున్నానని ధర్మకు చెప్పింది. ఆమె అతని ఒళ్లు తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, చేతికి అందేలా నీళ్ల చెంబు పెట్టింది.

"ఎన్ని నెల్లు?" అన్నాడు.

"మూడు. మీ వొదిన పొద్దుటా మాపూ వస్తానంది."

"మద్దిలో?"

చిట్టెమ్మ చెంబుని ఇంకాస్త దగ్గరికి జరిపింది. రెండో చీర సంచిలో పెట్టుకుంది.

"మేస్త్రీ ఏ పేరు రాసుకున్నాడే, చిట్టీ?"

"పేరడగనేదు. తలకాయల లెక్కంట."

ఆమె వంగి అతని నుదుటి మీద చెయ్యి వేసి, కొంచెం సేపు ఉంచి, తీసేసింది. చీకటి పడకముందే ఆమె ఎక్కిన వ్యాను ఘాటీ రోడ్డు దిగిపోయింది.

కళ్లం మీద గింజలు తడిసి నల్లబడుతున్నాయి. సీలు వేసిన గేటు లోపల, షెడ్డు అరుగు మీద, చిట్టెమ్మ తెచ్చుకుని తాగకుండా వదిలేసిన రాగుల చోడిజావ గిన్నె మూత పెట్టినట్టే ఉంది. దాన్నీ ఆస్తి జాబితాలో చేర్చి అతికించిన తెల్లచీటీ మీద కోర్టువాళ్లు వేసిన నంబరు జల్లుకి మెల్లగా అలుక్కుపోతోంది.