చిన్న కాగు

పులియని పిండిలాంటి మనిషి ఒతారి. పెళ్లాం కష్టం చూడలేడు, తండ్రికి ఎదురు చెప్పలేడు.

"చెడిపోకుండా ఆ చిన్న కాగులో ఓ చిటికెడు గంధకప్పొడి వేసేస్తే ఎవరికి తెలుస్తుందే?" అన్నాడు కాగులు పాతిన కొట్టు గుమ్మంలో నిలబడి.

"నాకు తెలుస్తుందిగా," అంది లమారా.

ఐదు తరాలుగా ఆ ఇంటి ద్రాక్షతోటకి మందు కొట్టలేదు, వైనులో పొడి కలపలేదు. తొక్కలూ గింజలూ తొడిమలతో సహా రసాన్ని నేలలో పాతిన మట్టి కాగుల్లో పోసి, మూతి మీద బంకమట్టి మెత్తితే, వసంతం దాకా వైనుని ఆ పిప్పే కాపాడుతుంది. వాళ్లుండే కఖేతి సీమలో పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి ఇది. కానీ లమారాది పడమటి సీమ ఇమెరేతి. వాళ్ల పుట్టింట్లో రసానికి రెండు గుప్పిళ్ల పిప్పి వేసి ఊరుకుంటారు.

కిందటి కోతల్లో మామగారు షాల్వా డెబ్బై ఆరేళ్ల వయసులో అక్రోటు చెట్టెక్కి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎక్కమని ఎవరేడ్చారో తెలియదు. కాగులు నింపే పని కోడలి మీద పడింది. మూడు పెద్ద కాగులూ ఒతారి పక్కనుండగా పద్ధతిగానే నింపింది. అతను తండ్రికి అన్నం పట్టుకుని ఆసుపత్రికి వెళ్లిన సాయంత్రం, అలసిన చేతులు చిన్న కాగుని పుట్టింటి పద్ధతిలో నింపేశాయి. మిగిలిన పిప్పిని పందులకు వేశాక గానీ ఆమెకి స్పృహ రాలేదు.

"వసంతంలో నాలుగు కాగులూ మంచిగా తెరుచుకుంటే కొట్టు తాళంచెవి నీదే," అని మంచం మీద నుంచి మాటిచ్చాడు షాల్వా. ఆ తాళంచెవి కోసం లమారా పన్నెండేళ్లుగా ఎదురుచూస్తోంది. శీతాకాలమంతా ఆమెకి సరిగ్గా నిద్ర లేదు.

ఈస్టరు వెళ్లాక షాల్వా కర్ర పొడుచుకుంటూ కొట్లోకి వచ్చాడు. మూడు పెద్ద కాగుల్లోనూ వైను చిక్కటి తేనీటి రంగులో తేలింది. ముసలాయన తల పంకించి చిన్న కాగు వైపు తిరిగాడు.

"తెరవకముందే ఒక్క మాట, మామయ్యా. దాన్ని మా ఊరి పద్ధతిలో నింపేశాను. కావాలని కాదు."

షాల్వా ముఖం కందగడ్డ అయింది. "పుర్రెకు పుట్టిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు! కఖేతి కాగులో ఇమెరేతి నీళ్లా? ఊళ్లో నా మీసం మిగులుతుందా? తియ్యి మూత!"

లమారా మట్టి గీకి మూత ఎత్తింది. సొరబుర్ర గరిటెతో ముంచి గిన్నెలో పోసింది. ఎండుగడ్డి రంగు. ముసలాయన ముక్కు చిట్లించి ఓ గుక్క తాగాడు. మరో గుక్క తాగాడు. తర్వాత పీట మీద కూలబడ్డాడు.

"పులిసిందా, మామయ్యా?"

ఆయన జేబులోంచి రొట్టెముక్క తీసి, దాని మీద నాలుగు చుక్కలు వైను పోశాడు. చనిపోయినవాళ్లకి అలా పోస్తారు.

"అమ్మా, నీకే," అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ ఒతారి నోరు తెరిచాడు. తన నానమ్మ పెలో కూడా ఇమెరేతి పిల్లే అని ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు.

"మా మేనమామ ఏడాదికోసారి జాడీలో తెచ్చేవాడు," అన్నాడు షాల్వా. "అమ్మ వంటింటి తలుపు వెనక నిలబడి తాగేది. నాకూ ఓ గుక్క పట్టేది. కోతలొస్తే చాలు, 'ఒక్క చిన్న కాగు నాకు వదలండి' అని నాన్నని బతిమాలేది. ఆయన వదల్లేదు. ఆయన పోయాక కాగులు నా చేతికొచ్చాయి. అప్పటికి ఆమె అడగడం మానేసింది."

లమారాకి ఏడుపు ఆగలేదు. షాల్వా తన మెడలోని తాడు తీసి, తాళంచెవిని ఆమె దోసిట్లో పెట్టాడు.

"పిప్పి తక్కువ వైను, మామయ్యా," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఎండలు ముదిరేదాకా నిలుస్తుందో లేదో. కొన్నాళ్లు ఆగి చూద్దామా?"

షాల్వా గిన్నె చాపాడు.

"మా అమ్మ బతుకంతా ఆగింది. ఇంకా ఆగేదేంటి? పొయ్యమ్మా."